రేడియో రుసుముపై నా ఘన వాదన

టాటానగర్ రైల్వే పార్సిల్ ఆఫీసులో ఇన్నేళ్ళలో ఒక్క మూట కూడా కింద పడెయ్యలేదు గానీ, నా పరువును మాత్రం నాలుగేళ్ళ కిందట ఒక ఆదివారం పొద్దున్న ఊరంతా వినేలా దభాలున పడేసుకున్నాను. వినండి, మొహమాటపడకుండా నవ్వుకోండి.

మా ఊళ్ళోనే సిద్ధగోరా పేటలో ఉండే రమణ నా తోడల్లుడు. మా ఆవిడ సత్యవతికి చెల్లెలి మొగుడు. ప్రభుత్వ రేడియోవాళ్ళు అతన్ని చర్చకు పిలిచారు. ప్రభుత్వ రేడియో, టీవీ నడవడానికి ఇంటింటి నుంచీ తప్పనిసరిగా లైసెన్సు రుసుము వసూలు చెయ్యాలా వద్దా అన్నది చర్చ. అతన్ని పిలిచారు, నన్ను పిలవలేదు! ఆ కబురు విన్నప్పటి నుంచీ నాకు అన్నం సహించలేదు. అంటే, మూడోసారి వడ్డించుకున్నది సహించలేదు.

ఆ ఆదివారం అత్తగారు మా ఇంట్లోనే ఉన్నారు. రేడియోకి హారతి ఇవ్వడం ఒక్కటే తక్కువ.

"సత్తీ, సౌండు పెంచే! రమణబాబు మాటాడతన్నాడు!"

రమణ హిందీలో గంభీరంగా అందుకున్నాడు. "అందరూ రుసుము కడితే రేడియో ఇటు ప్రకటనలవాళ్ళకీ, అటు ప్రభుత్వానికీ జీ హుజూర్ అనక్కర్లేదు."

నా ఒళ్ళు భగ్గుమంది. ఆ మాట నాది! పోయిన వారం మా ఇంట్లో, మా టీ తాగుతూ, నా నోట విన్నది!

"ఎంత బాగా సెప్పేడో!" అని అత్తగారు కళ్ళొత్తుకున్నారు.

"అది నేనన్న మాటేనండీ."

"నువ్వన్నప్పుడు ఇంత బాగా నేదు బాబూ."

ఇక ఆగలేకపోయాను. శ్రోతలు ఫోను చెయ్యమని నంబరు చెప్పగానే వంటింట్లో దూరి తలుపు వేసుకున్నాను. తన సొంత అభిప్రాయాన్నే చితక్కొట్టడానికి నడుం కట్టినవాణ్ణి మీరెక్కడైనా చూశారా? గొంతు బొంగురు చేసుకుని, కద్మా పేట నుంచి గుప్తాను మాట్లాడుతున్నానని హిందీలో మొదలుపెట్టాను.

"రుసుము ఎందుకు కట్టాలి? ఈ రేడియో ఎవడు వింటాడు? మా ఇంట్లో పదేళ్ళుగా ఎవ్వరూ వినలేదు!"

"మరి గుప్తాజీ," అన్నాడు రమణ మర్యాదగా, "నేనిప్పుడన్నది మీరెలా విన్నారు?"

"ఏటి?" అన్నాను. అచ్చ తెలుగులో.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని, చేతిలో రేడియోతో అత్తగారు వచ్చారు. ఫోనూ రేడియో ఎదురుపడి కుయ్యోమన్నాయి.

"బాబూ, తొరగా రా! ఎవడో గుప్తా అట, రమణబాబుతో తగువాడతన్నాడు. ఎదవ గొంతు అచ్చం నీ గొంతే!"

ఇదంతా ప్రసారమైంది. రేడియోలో రమణ గొంతు, తెలుగులో, "అన్నయ్యా, నువ్వేటి?"

మర్నాడు ఆఫీసులో అడుగు పెట్టేసరికి హమాలీ దగ్గర్నుంచి పెద్ద సాబు దాకా ఒకటే పలకరింపు, "నమస్తే గుప్తాజీ!"

సాయంత్రం రమణ వచ్చాడు. నా మాట ఎందుకు కాజేశావని నిలదీద్దామని నోరు తెరిచేలోగా అతనే అన్నాడు.

"అన్నయ్యా, ఆ మాట నీదేనని రేడియోవోళ్ళకి ముందే సెప్పేను. వచ్చే నెల నిన్నే పిలత్తామన్నారు కూడా."

కుర్చీ అతని దగ్గరికి జరుపుకున్నాను. "మరి ఇప్పుడో?"

"ఇప్పుడు నువ్వొద్దంట. గుప్తాజీయే కావాలంటన్నారు."

ఆ సాయంత్రమే మా ఇంటి గడప మీద నిలబడి, చెయ్యెత్తి, అత్తగారి సాక్షిగా ప్రమాణం చేశాను. ఇకమీదట ఎవరిని చూసి కుళ్ళుకున్నా సరే, సొంత పేరుతోనే కుళ్ళుకుంటాను.