సాంచాల చప్పుడులో నవలలు చెప్పిన అహిరే భావు

మధ్యాహ్నం రెండు దాటింది. మొదటి లాక్‌డౌన్ పెట్టిన ఏప్రిల్. రేకులు కాగి గదిలో కూర్చోలేం, బయట ఎండకు నిలబడలేం. పొద్దున తాగిన చాయ్ తప్ప కడుపులో ఏమీ లేదు. సూరత్‌లోని ఉధ్నాలో మా గల్లీ పొడుగునా ఖిచిడీ బండి కోసం వరుసలో ఉన్నాం. నా ముందు అహిరే భావు, చేతిలో రెండు గిన్నెలు. ఒకటి తనకు, ఒకటి ఆయన భార్య ఊర్మిళ వదినకు.

బండి ఎంతకీ రాలేదు. ఆకలి మరిచిపోదామని అడిగాను.

"భావు, జర రఖ్మా కత చెప్పరాదే. మూట కట్టుకొని స్టేషన్ల కూసున్నది. రైలెక్కిందా, లేదా?"

ఆయన నోరు తెరిచి మళ్లీ మూశాడు. "చప్పుడు లేదు కద సోమలింగం. చప్పుడు లేకుంటె నాకు రాదు."

వెనకాల మా కార్ఖానా గంగారాం అందుకున్నాడు. "సేఠ్‌కు ఫోన్ కొట్టి సాంచాలు నడిపియ్యమందామా? మా భావు కత చెప్పాలె, బట్ట గిట్ట ఏమొద్దు అని."

నవ్వే ఓపిక ఎవరికీ లేదు. అయినా నవ్వాం.

సాంచాలంటే కరెంటు మగ్గాలు. అవి నడుస్తుంటే చెవిలో అరిచినా వినపడదు. అందుకే కార్ఖానాలో మేం గొంతుతో మాట్లాడం. పెదవులు కదిలిస్తాం, ఎదుటివాడు చూసి అర్థం చేసుకుంటాడు. తిట్లు, పెళ్లి కబుర్లు, చావు కబుర్లు అన్నీ అలాగే.

అహిరే భావుది మహారాష్ట్రలోని ఖాందేశ్, గిర్నా నది ఒడ్డున పల్లె. కరువుకు సూరత్ వచ్చి మా సిరిసిల్ల వాళ్ల వరుసలో పనికి చేరాడు, మా తెలుగు పట్టుకున్నాడు. భావు అంటే వాళ్ల భాషలో అన్న. ఆయన సాంచాలు నా సాంచాలకు ఎదురుగా ఉండేవి. ఆయన మరాఠీలో నవలలు రాసేవాడు. రాసేముందు, కండె మార్చుతూ, తెగిన పోగు ముడేస్తూ, ఆ పూట రాయబోయేది నాకు పెదవులతో చెప్పేవాడు. చెబుతూ నా మొహం చూసేవాడు. నేను పని మరిచి నిలబడిపోతే ఆ ముక్క పుస్తకంలో ఉండేది. తల తిప్పుకుంటే పోయేది.

మొదటి నవల పత్తి పండించి పురుగుమందు తాగిన రైతు ఇంటిది. రెండోది రంగుల మిల్లులో చేతులు నీలంగా మారిన అన్నదమ్ములది. నాకు మరాఠీ అక్షరం రాదు. రెండూ మొదటినుంచి చివరిదాకా చెప్పగలను.

రెండోదానికి పుణెలో పెద్ద సభ పెట్టి శాలువా కప్పారు. ఆయన్ని గొప్ప రచయిత అని పేపర్లు రాశాయట. మర్నాడే వచ్చి సాంచాల ముందు నిలబడ్డాడు. మెస్సు నడిపే గంగవ్వ ఆ శాలువాను వేళ్ల మధ్య నలిపి చూసింది.

"పట్టనుకున్నవా భావు? పాలిస్టర్. మన ఉధ్నాలనే నేసిన్రు. నువ్వు నేసిందే నీకు కప్పిన్రేమో సూడు."

అందరికంటే ఎక్కువ ఆయనే నవ్వాడు.

మూడోది రఖ్మా కథ. సాంచాల పనివాడి భార్య, తన ఊరికి పోవాలని ఆశ. ఆ ఆశ ఊర్మిళ వదినదేనని మాకందరికీ తెలుసు. వదిన గదిలో కూర్చుని చీరలకు రాళ్లు అతికించేది. నవల అయిపోగానే ఊరికి పోయి ఉందామని భావు ఆమెకు మాటిచ్చాడు.

"సోమలింగం భయ్యా, నీ మాట ఇంటడు. ఆ పిల్లను జల్ది రైలెక్కియ్యమను. ఆమె ఎక్కితెనే నేనెక్కుత," అనేది వదిన నాతో.

లాక్‌డౌన్ తీశాక కార్ఖానా తెరిచారు, మాస్కు లేనిదే లోపలికి రానివ్వలేదు. చప్పుడు తిరిగొచ్చింది, పెదవులు పోయాయి. భావు చెబుతున్నాడని తెలిసేది, గుడ్డ కదిలేది. ఏం చెబుతున్నాడో తెలిసేది కాదు. మాస్కు కొంచెం దించితే సూపర్‌వైజర్ మీదికొచ్చేవాడు. బయట చాయ్ దుకాణం దగ్గర గొంతుతో చెప్పమంటే రెండు మాటలకే సిగ్గుపడి ఆపేసేవాడు. రఖ్మా స్టేషన్‌లోనే కూర్చుండిపోయింది.

మరుసటి ఏప్రిల్‌లో వదినకు జ్వరమొచ్చింది. ఊపిరాడక దవాఖానాలో చేర్చాం. మమ్మల్ని గేటు దగ్గరే ఆపేశారు. ఒక మధ్యాహ్నం లోపలి నుంచి నర్సు వీడియో కాల్ చేసింది. ఫోన్ నేను పట్టుకున్నాను, భావు పక్కన వంగి చూస్తున్నాడు. వదిన మొహానికి ఆక్సిజన్ మాస్కు, దానికి లోపలంతా ఆవిరి. కళ్లు మా వైపే. ఆవిరి కింద పెదవులు కదిలాయి. ఆగి మళ్లీ కదిలాయి. పెదవులు చదవడంలో మా కార్ఖానాలో భావును మించినవాడు లేడు.

"ఏమన్నది? నీకు కనబడ్డదా?"

"కనబడలె భావు."

"జర మంచిగ సూడు సోమలింగం."

అప్పటికే కాల్ తెగిపోయింది.

తెల్లారేసరికి వదిన లేదు. శవాన్ని దవాఖానా వాళ్లే కాల్చారు. చిన్న మట్టికుండలో బూడిద ఇచ్చారు. అలా బూడిద తీసుకున్న మిగతావాళ్లంతా తాపీ నదిలో కలిపారు. భావు కలపలేదు, కుండను గదిలోనే పెట్టుకున్నాడు.

పనికి రావడం మానలేదు కానీ రాయడం మానేశాడు. ఒకరోజు గంగవ్వ అన్నం పెడుతూ గదమాయించింది. "ఆ పిల్లను ఎన్నొద్దులు కూసోబెడతవ్ ఆ స్టేషన్ల? రైలెక్కియ్యి."

"ఎక్కేటప్పుడు ఒక మాటంటది గంగవ్వా. ఆ మాట నాకు తెల్వదు."

"ఊరికి పోత అన్నదనుకో," అన్నాను నేను.

"అనుకొని రాస్తె నా మాటైతది. ఆమెది కాదు."

అన్నం సగంలో లేచిపోయాడు. తర్వాత నాతో ఆ కథ ఎత్తలేదు.

వానలు మొదలయ్యాక, ఒక పొద్దున ఆయన తన సాంచాల దగ్గరికి పోకుండా నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. లోపలికొచ్చాక మాస్కు తీసేశాడు. గడ్డం పెరిగింది. నేను ఆయన పెదవులే చూస్తున్నాను. అవి కదలలేదు. ఇంతలో నా సాంచాలో పోగు తెగింది. వంగి ముడేసి తలెత్తేసరికి ఆయన లేడు.

ఉధ్నా స్టేషన్‌లో గంగారాం చూశాడట. వదిన కుండను కండువాలో కట్టి గుండెకు ఆనించుకుని, వాళ్ల ఊరివైపు పోయే భుసావల్ రైలెక్కాడట. పిలిచినా తిరగలేదట.