పండుకునే బండి రాజమల్లు, లస్మవ్వ ఊపిరి

మొన్న పొద్దున మంచిర్యాల నుంచి ఫోన్ వచ్చింది. రాజమల్లు గుండె ఆగి పోయాడట. నేను నమ్మలేదు. ముందటి సాయంత్రమే చుట్ట మానెయ్యమని నాతో జగడమాడిన మనిషి. మళ్లీ అడిగాను. అవతలివాడు ఏడ్చాడు. అప్పుడు నమ్మాను. ముసలితనంలో దిద్దుకున్న అక్షరాలు నావి. ఆ ధన్యజీవి గురించి ఉన్నది ఉన్నట్టే రాస్తాను.

పాత వ్యానులో సీట్లు పీకేసి, బల్లలు బిగించి, పరుపులు వేశాడు రాజమల్లు. పొయ్యి, నీళ్ల డ్రమ్ము అందులోనే. కుటుంబాలను తీర్థయాత్రలకు తిప్పేవాడు. అందరూ దాన్ని పండుకునే బండి అనేవారు. ఆయన ముక్కోపి, నోరు మంచిది కాదు. బండి దగ్గర మాత్రం తపస్వి.

దసరాకు బండి కడిగి, ఇంజన్‌లో నీళ్లు తిరిగే రబ్బరు పైపులు నిగనిగలాడాలని పాత ఇంజన్ ఆయిల్ రుద్దడం మా దిక్కు అలవాటు. అది చూస్తే ఆయన మండిపడేవాడు. "బొట్టు పెట్టుండ్రి, దండెయ్యుండ్రి. నూనె రుద్దకుండ్రి. రబ్బరు ఉబ్బి మెత్తబడ్తది" అనేవాడు. ఒక దసరాకు ఆయన జ్వరంతో పడుకుంటే, బామ్మర్ది శీను ముచ్చటపడి రుద్దేశాడు. ఆ సంగతి బావకు చెప్పలేదు.

తర్వాతి ఎండాకాలం ఉట్నూరు దిక్కు నుంచి ఆ బండిలో అందరం తిరిగివస్తుండగా నా భార్య లస్మవ్వకు ఆయాసం లేచింది. మంచిర్యాల ఆసుపత్రికి పరుగు. అడవి నడుమ ఇంజన్ నుంచి ఆవిరి చిమ్మింది. పాతబడ్డ పై రబ్బరు పైపు పగిలింది. ఫోన్లకు సిగ్నల్ లేదు. శీను రేడియేటర్ మూత తిప్పబోతే, రాజమల్లు ఆ చేతి మీద ఒక్కటిచ్చాడు.

"మొఖం కాల్చుకుంటవారా? సల్లారనియ్యి!"

చల్లారాక ఆ పైపు మార్చాడు. పోదామనుకున్నాం. ఆయన కింది పైపును వేళ్లతో వత్తాడు.

"దీనికి నూనె ఎవడు రుద్దిండు?"

"దసరాకు నేనే బావా. జర మెరుస్తదని."

"మంచిగ మెరిసిందిరా! ఇగ అన్ని విప్పాలె."

నాకు ఒళ్లు మండింది. "మనిషి పోతుంటె పైపులు వత్తుకుంట కూసుంటవారా? ఒకటి మార్చినవ్ గదా, నడువ్!"

"అన్నా, డ్రమ్ముల నీళ్లు ఒక్కసారికే ఉన్నయి. ఇది గుడ తొవ్వల పల్గుతె వదినెను ఎత్తుకపోతవా?"

అతుక్కుపోయిన పైపులను కత్తితో కోసి, డ్రైవర్ సీటు కింద దాచుకున్న కొత్తవి ఎక్కించసాగాడు. "వదినే, సప్పుడు చెయ్యి!" అని నడుమ నడుమ కేకేసేవాడు. ఆమె బల్ల మీద చేత్తో కొట్టేది. ఒకసారి సప్పుడు రాలేదు. క్లిప్పు బిగిస్తున్న ఆయన చెయ్యి ఆగింది. లోపల మెల్లగా బల్ల మోగింది. ఆయన మళ్లీ బిగించాడు.

నీళ్లు పోసి, ఇంజన్ వేడి చూపే ముల్లు మీద కన్ను పెట్టి నడిపాడు. ఇంకెక్కడా ఆగలేదు. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టాక లస్మవ్వ పెదవుల నలుపు తగ్గింది.

మొన్న ఆయన పార్థివదేహం ముందు కూర్చుని లస్మవ్వ నాతో అన్నది: "నాడు నీ లొల్లి ఇనలే గన్క నేను బతికున్న."

ఆ స్థితప్రజ్ఞునికి నా దండం. రేపు మాలో ఎవరికి ఊపిరి ఆడకపోయినా ఎక్కించుకుని ఉరికేవాళ్లు దొరుకుతారు. మమ్మల్ని తిట్టి, బండి ఆపి, క్షేమంగా దించేవాడు ఇక దొరకడు.