తాంబాళం, గోనెపట్టా, ఒక పాత గది

మా ఇంట్లో కావలసింది ఎవరూ నేరుగా అడగరు. చిత్తూరు బజారులో విత్తనాల అంగడి పెట్టుకుని బతికిన వంశం. గది కావాలంటే ముందు మేడ అడగాలి. ఈ విద్యతోనే తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే ఉద్యోగాన్ని ఇన్నేళ్లు నెట్టుకొస్తున్నాను.

అందుకే ఆ రోజు మా ప్రిన్సిపాల్ మేడం ముందు కూర్చుని, "పైఅంతస్తు మొత్తం సైన్సు పిల్లలకు ఇచ్చేయండి మేడం" అన్నాను.

ఆమె కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "మాది పుత్తూరు సార్, విరిగిన ఎముకలకు కట్టు కట్టే ఊరు. మూలుగుతా వచ్చేవాళ్లల్లో ఎవరికి ఎముక విరిగిందో, ఎవరికి బెణికిందో వాకిట్లోనే చెప్పేస్తాం. మీకు కావాల్సింది ఆ పాత టైపింగు గది. అంతే కదా?"

అంతే. మా పిల్లలు కంప్యూటర్ పని నేర్చుకునేది మెట్ల మీద కూర్చుని. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకోవడం, ఎవరైనా దిగుతుంటే లేచి దారివ్వడం, మళ్లీ కూర్చోవడం. ఎన్నాళ్లుగానో తాళం వేసివున్న టైపింగు గదిలోకి కార్యక్రమాల కుర్చీలు చేర్చాలని మేడం నిర్ణయించారు. నేను అడ్డం పడ్డాను. చివరికి బేరం ఇలా కుదిరింది: శాస్త్ర పరిశోధనలో కృత్రిమ మేధ ఏం చేస్తుందో బడిపిల్లలకీ ఊరి జనానికీ చూపించడానికి ఆ నెలాఖరున ఒక రోజు కాలేజీ గేట్లు తెరుస్తున్నాం. ఆ రోజు జనం మా బల్ల దగ్గర ఆగితే గది పిల్లలది. ఆగకపోతే సాయంత్రానికి కుర్చీలది.

మేం ఎంచుకున్నది చెనక్కాయలు, అంటే వేరుశనగ. మొలిచే గింజ ఏదో, పనికిరాని ముడత గింజ ఏదో ఫోటో చూసి యంత్రం చెప్పాలి. ప్రోగ్రాం రాసింది ఐరాల నుంచి వచ్చే రెండో సంవత్సరం అమ్మాయి. చేలో పుట్టి పెరిగిన పిల్ల, నెమ్మదస్తురాలు, నలుగురిలో నోరు విప్పదు. ఫోటోలు తీసే పని మాత్రం నేనే పట్టుకున్నాను. అంగట్లో పుట్టినవాణ్ని, గింజ గురించి నాకన్నా ఎవరికి తెలుసు అని పొగరు. ఒక ఆదివారం చిత్తూరు వెళ్లి, మా అంగట్లోనే కూర్చుని, మంచివీ ముడతవీ వందల ఫోటోలు తీసుకొచ్చాను. అవి చూపించే యంత్రానికి నేర్పాం.

గేట్లు తెరిచిన రోజు పొద్దున మా బల్ల కళకళలాడింది. నాయన పంపిన ఇత్తడి తాంబాళంలో గుండ్రని మంచి గింజలు, పక్కన గోనెపట్టా మీద ముడత గింజలు, పైన కెమెరా. బడిపిల్లలు కెమెరా కిందికి ఏది జరిపితే దాని పేరు తెరమీద టక్కున పడుతోంది. బస్సు కోసం చూస్తూ నీడకని లోపలికొచ్చిన యాత్రికులు కూడా, గుండు మీద గంధం ఆరకముందే, మా దగ్గర ఆగారు. దూరం నుంచి మేడం చూస్తున్నారు. గదికి కిటికీ తెరలు ఏ రంగువి వేయించాలా అని నేను ఆలోచిస్తున్నాను.

బల్ల చివర స్టూలు మీద ఆ అమ్మాయి తల్లి కూర్చుని ఉంది. కూతురి పని చూద్దామని ఐరాల నుంచి తొలి బస్సుకే వచ్చింది. పిల్లలు గింజలు జరపడం, తెరమీద పేరు పడటం చూసింది. తర్వాత లేచి, గోనెపట్టా మీది ముడత గింజలు గుప్పెడు తీసి, తాంబాళంలో గింజలు పక్కకు తోసి అందులో వేసింది.

తెరమీద "మంచి విత్తనం" అని పడింది.

"ఏం సార్, ఇవి మొలుస్తాయా?"

"కెమెరా కదిలిందేమోనమ్మా" అన్నాను.

ఆమె తాంబాళాన్ని బోర్లించి గింజలన్నీ దులిపేసి, ఖాళీ తాంబాళాన్ని కెమెరా కింద పెట్టింది. "ఇప్పుడేమంటాదో సూద్దాం."

"మంచి విత్తనం."

చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. "ఇది కూడా నా మాదిరే ఉండాదే. పెండ్లికి పోతే తాంబాళం తళతళ సూసి, లోపలేముండాదో అడగను నేను" అందామె. అమ్మాయి ముఖం ఎర్రబడింది. తల వంచుకుని యంత్రానికి నేర్పడానికి వాడిన ఫోటోలన్నీ ఒక్కొక్కటే తెరిచింది. మంచి గింజ ఉన్న ప్రతి ఫోటోలోనూ తాంబాళం. ముడత గింజ ఉన్న ప్రతి ఫోటోలోనూ గోనెపట్టా.

మేడం ఎప్పుడు వచ్చి నా వెనక నిలబడ్డారో తెలియదు. "ఫోటోలు ఎవరు తీసినారు?"

"నేనే మేడం."

"అంగడి బుద్ధి" అన్నారు.

నిజమే. మా అంగట్లో కొనేవాడి కంటికి చూపించే సరుకు చింతపండుతో తోమిన తాంబాళంలో ఉంటుంది. తీసిపారేసినది గల్లా కింద పట్టా మీద ఉంటుంది. చిన్నప్పటి నుంచీ నా చేతులకు అదే అలవాటు. ఆ ఆదివారం కూడా ఆలోచించకుండా అదే చేశాను. రెండు కుప్పలకీ తేడా కనిపెట్టమని యంత్రానికి చెప్పాం. అన్నిటికన్నా సులువుగా కనిపించే తేడా అది పట్టుకుంది. గింజ వైపు చూడాల్సిన అవసరమే దానికి రాలేదు.

జనం పక్క బల్ల వైపు కదలబోయారు. వాళ్లతోపాటే గది కూడా పోతోంది. చేతికొచ్చిన బేరం గడప దాటుతుంటే మా నాయన వేసే కేక ఒకటుంది. నలభై ఏళ్లు దాటాక, టై కట్టుకుని, ప్రిన్సిపాల్ ముందు, ఆ కేకే వేశాను. "రండప్పా రండి. ఇంత చదువుకున్న యంత్రాన్ని మోసం చేసే అవకాశం మళ్లీ రాదు. ఏది పెడతారో పెట్టండి."

అందరూ వెనక్కి తిరిగారు. ఒక పిల్లవాడు తాంబాళంలో తన గుర్తింపు కార్డు పెట్టాడు. మంచి విత్తనం. ఒక యాత్రికుడు లడ్డూల సంచి పెట్టాడు. మంచి విత్తనం. "ఇదైతే నిజమే అబ్బా" అన్నాడాయన. గంట గడిచేసరికి మా బల్ల చుట్టూ వరస కట్టారు. వాళ్లలో ఎవరో, "మరి ఇట్లాంటిదాన్ని శాస్త్రవేత్తలు ఎట్లా నమ్ముతారు?" అని అడిగారు.

నేను నోరు తెరిచేలోపు అమ్మాయి చెప్పింది. "వెంటనే నమ్మరండి. మేం చూపించిందే అది నేర్చుకునింది. ఆకు తెగులైనా, రోగి స్కానైనా, ఆకాశం ఫోటోలైనా ఇదే తప్పు జరగొచ్చు. దేన్ని చూసి చెప్తా ఉందో పట్టుకోవాలి. మా అమ్మ ఇప్పుడు చేసింది అదే."

పొద్దుటి నుంచీ ఆ పిల్ల మాట్లాడిన మొదటి మాటలవి.

మధ్యాహ్నం అన్ని గింజలనూ ఒకే బూడిదరంగు గుడ్డ మీద పెట్టి, వచ్చినవాళ్ల చేతనే ఫోటోలు తీయించి, యంత్రానికి మళ్లీ నేర్పాం. ఈసారి అది గింజనే చూసింది. కొన్నిటి దగ్గర తడబడింది, అయినా ఖాళీ తాంబాళానికి మాత్రం మోసపోలేదు. నేను మీసం మీద చెయ్యి వేశాను.

తల్లి నున్నని గింజ ఒకటి ఏరి పట్టుకుంది. "ఇది మంచిదని ఈ మిషనుకు ఎవురు చెప్పినారు?"

"నేనేనమ్మా."

"నాటి సూసినావా నాయనా?"

చూడలేదు. అంగట్లో విత్తనం అమ్మేవాళ్లమే గానీ మొలిపించేవాళ్లం కాదు.

"పోయినేడు మేం ఏసిన గింజలు ఇంతకన్నా నున్నగా ఉండినాయి. చేలో యాడ సూసినా ఖాళీలే. తడిగుడ్డలో నాలుగు దినాలు పెట్టి సూడు. మొలిసిందే మంచిది. ఆ మాట దీనికి చెప్పు."

ఇక ఆ పూట అదే పని. ఒక్కో గింజకూ నంబరు ఇచ్చి, ఫోటో తీసి, యంత్రం ఏమందో రాసుకుని, తడిపిన గుడ్డల మీద వరసలుగా పేర్చాం. ఇన్ని గుడ్డలు ఎవరూ తొక్కని చోట పరవాలంటే కాలేజీలో ఉన్నది ఒక్కటే గది. తాళంచెవి నా జేబులో పొద్దుటి నుంచే ఉంది. ఎందుకో అడగకండి.

సాయంత్రం అటెండర్లు కుర్చీలు మోసుకుని వచ్చేసరికి గది నేలంతా తడిగుడ్డలు. అమ్మాయి నీళ్లు చిలకరిస్తోంది, తల్లి గుమ్మం దగ్గర కాళ్లు చాపుకుని కూర్చుంది. మేడం వచ్చి చూశారు.

"జనం ఆగారు మేడం" అన్నాను.

"నవ్వడానికి ఆగినారు."

"ఎందుకాగాలో బేరంలో లేదు కదా."

ఆమె గుడ్డల వైపు చూశారు. "ఎన్ని రోజులు?"

"పంట చేతికొచ్చేదాకా."

"నాలుగు దినాలని ఆమె చెప్పింది నేనూ విన్నాను సార్."

"అది చెనక్కాయలకు మేడం. మా అంగట్లో ఎన్ని రకాల విత్తనాలుంటాయో మీకు తెలీదు."

మేడం నవ్వు ఆపుకోలేకపోయారు. "కుర్చీలు ఆ పక్క సగంలోనే పేర్చండప్పా" అని అటెండర్లకు చెప్పారు. మేడ అడిగితే సగం గది వచ్చింది. మా వంశంలో ఇది మంచి బేరమే.

నాలుగో రోజు గుడ్డలు విప్పాం. యంత్రం ధీమాగా మంచివన్న నున్నని గింజల్లో కొన్ని ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉన్నాయి. ముడత గింజల్లో రెండు తెల్లగా మొలక చాపాయి. అమ్మాయి నంబర్లు చదువుతుంటే మిగతా పిల్లలు రాసుకున్నారు. ఈసారి యంత్రానికి ఏది మంచిదో చెప్పేది నేను కాదు, మొలక. నా మాటకు అంగట్లో తప్ప ఎక్కడా చెల్లుబాటు లేదని తేలిపోయింది గానీ, ఎందుకో నాకు బాధనిపించలేదు.

పిల్లలు మెట్లు వదిలి ఆ గదిలోకి వచ్చేశారు. పేర్చిన కుర్చీల్లోంచి ఆరు లాక్కుని వాడుకుంటున్నారు. మేడం చూసీ చూడనట్టు పోతున్నారు. ఇప్పుడు నేలమీద తడిగుడ్డల్లో పెసలున్నాయి. తాంబాళాన్ని నాయనకు తిరిగి పంపేశాను.