బాపు వేసిన రన్‌వే

కరీంనగర్‌లో నేను అద్దెకుండే ఇంటి ముందు పోయిన వారం రోడ్డు వేశారు. డాంబరు కాగుతున్న వాసన రాగానే మా వాడలో అందరూ కిటికీలు మూసుకొని, ముక్కులకు చున్నీలూ తువ్వాళ్లూ అడ్డం పెట్టుకొని విసుక్కుంటుంటే, నేను మాత్రం పాఠాలు చెప్పడానికి బడికి వెళ్లాల్సిన టైమవుతున్నా గేటు దగ్గరే నిలబడిపోయాను. చిన్నప్పుడు ఆ వాసన రెండేళ్లకోసారి మా ఇంటికి వచ్చేది. బాపు, అంటే మా నాన్న, సెలవు మీద వచ్చి సూట్‌కేసు తెరవగానే అత్తరు సీసాలనూ సబ్బులనూ ఖర్జూరాలనూ తోసుకొని ముందుగా అదే బయటపడేది. నాయనమ్మ ఆయన అంగీలను కుంకుడు రసంలో నానబెట్టి, బండకేసి బాది, మళ్లీ నానబెట్టినా అది పోయేది కాదు.

మా ఊరు లక్సెట్టిపేటకు దగ్గర్లో, గోదావరి పక్కన. సగం ఇళ్లలో మగవాళ్లు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉండేవాళ్లు కాబట్టి నేను చూసిన ఊరు ఎక్కువగా ఆడవాళ్లదీ ముసలివాళ్లదీ. పొద్దున వంటలు కాగానే నేను అవ్వ అని పిలిచే మా అమ్మ, పక్కింటి రాజవ్వ పెద్దమ్మ, ఇంకో ముగ్గురు నలుగురు చాటలు ఒళ్లో పెట్టుకొని మా అరుగు మీద బీడీలు చుట్టడానికి కూర్చునేవాళ్లు. తడిగుడ్డలో చుట్టిన తునికాకు వాసన, తంబాకు ఘాటు, కత్తెరల కిచకిచ, వాటి మధ్యనే పుట్టింటి ముచ్చట్లు, కోడళ్ల మీద చాడీలు, అప్పుడప్పుడూ ఎవరో ఒకరి దగ్గు. మేము పిల్లలం అరుగు కింద కచ్చకాయలాడుకుంటూ ఆ ముచ్చట్లన్నీ వినేవాళ్లం. చలికాలం పోతుండగా పసుపు ఉడకబెట్టే పొయ్యిల పొగ ఊరంతా కమ్ముకునేది. బతుకమ్మ నాడు నాయనమ్మ రొట్టెలు చిదిమి, బెల్లం కలిపి, మలీద ముద్దలు కట్టి, అందులో పెద్ద ముద్దను మాత్రం పక్కన పెట్టి "గిది మీ బాపుది" అనేది. సాయంత్రానికి దాన్ని నేనే తినేసేదాన్ని. అది ఆమెకూ తెలుసు.

బాపు దుబాయిలో కాదు, లిబియాలో ఉండేవాడు. ఎడారి మధ్యలో మిలిటరీ విమానాల స్థావరం ఒకటి ఉంటే, అక్కడ పాత రన్‌వే తీసేసి కొత్తది వేసే కంపెనీలో రోలరు డ్రైవరు. కింద కంకర ఎంత గట్టిగా కూరాలో, డాంబరు ఎంత వేడి మీద ఉన్నప్పుడు రోలరు తిప్పాలో సెలవుల్లో చెబుతుంటే నాయనమ్మ చివరిదాకా విని, "గంత పెద్ద తొవ్వ ఏసి మనుషులను నడువనియ్యరా" అని అడిగింది ఒకసారి. ఆ స్థావరం ఉన్న ఊరి పేరు మా ఎవరికీ నోరు తిరగలేదు. మా ఇంట్లో గోడకు ఒక ఫోటో ఉండేది. దసరా నాడు పసుపు బొట్లు పెట్టిన పసుపు రంగు రోలరు, దాని పక్కన భుజం మీద ఆకుపచ్చ తువ్వాలతో బాపు, ఆయన భుజం మీద చెయ్యేసి మారుతి కాకా.

మారుతి కాకాది జైనూరు దగ్గరి ఊరు. లిబియాలో బాపు కంపెనీలోనే తవ్వే యంత్రం నడిపేవాడు. బాపు, ఆయన రేకుల డబ్బాలాంటి ఒకే గదిలో ఉండి, ఒకే గిన్నెలో వండుకునేవాళ్లు. శుక్రవారం వాళ్లకు సెలవు కాబట్టి ఆ రోజు మధ్యాహ్నం ఫోను వచ్చేది. బాపు మాటలు అయిపోగానే ఫోను కాకా అందుకొని, మరాఠీ కలిసిన తన తెలుగులో, "కాయ్ బేటీ, మంచిగున్నవా? అవ్వను పరేషాన్ చేస్తలేవు గద?" అనేవాడు. ఆయన్ని నేను ఎన్నడూ చూడలేదు గానీ ఆ గొంతు మా ఇంట్లో మనిషిదే అన్నట్టు ఉండేది.

నేను ఐదో తరగతిలో ఉండగా, పసుపు తవ్వే రోజుల్లో, ఆ దేశంలో జనం తమ పాలకుడి మీద తిరగబడ్డారు. సైన్యంలో కొంతమంది జనం వైపు వచ్చారు, మిగతావాళ్లు పాలకుడి వైపు ఉండిపోయారు, ఒక్కో ఊరు చేతులు మారుతోందని టీవీలో చెప్పేవాళ్లు. బాపు ఫోనులో, "లొల్లి దూరంగ అవుతున్నది. మా దిక్కు ఏం లేదు. ఫికర్ చెయ్యకు" అన్నాడు. అవ్వ సరేనని కూరలేం వండుకున్నారని అడిగింది. తర్వాతి శుక్రవారం ఫోను రాలేదు. ఆ తర్వాతి శుక్రవారమూ రాలేదు.

హోలీ ముందటి కాముని పున్నం దగ్గరపడటంతో పిల్లలందరూ జాజిరి పాటలు పాడి ఆడుతూ ఇల్లిల్లూ తిరుగుతున్నారు. నేనూ తిరిగాను. గుట్టల దిక్కు పోయి మోదుగుపూలు కోసుకొచ్చి, కుండలో ఉడకబెట్టి రంగు చేశాం. ఇంట్లో దుఃఖం ఉండి బయట పండుగ ఉంటే పిల్లలు పండుగకే పోతారు, నేను కూడా అంతే. అవ్వ మాత్రం ఫోనును చాటలో, తంబాకు పక్కన పెట్టుకొని బీడీలు చుట్టేది. కొన్నాళ్లకు ఆ ఫోను బటన్ల సందుల్లో కూడా తంబాకు పొడి చేరింది.

హోలీ రంగు ఇంకా చేతులకు పోకముందే ఒక సాయంత్రం రాజవ్వ పెద్దమ్మ వచ్చి, "నీ మొగుడుండే దేశం మా టీవీల చూపిస్తున్నరు, రా" అని అవ్వను తీసుకుపోయింది. నేనూ వెంట పరుగెత్తాను. తిరుగుబాటు చేసినవాళ్లు ఒక విమాన స్థావరాన్ని పట్టుకున్నారట. గేటు విరిగి పడి ఉంది. రోడ్డు మీద సైనికుల బూట్లు, యూనిఫారాలు ఎక్కడివక్కడ పడి ఉన్నాయి. జీన్స్ ప్యాంట్లు, రబ్బరు చెప్పులు వేసుకున్న పడుచువాళ్లు ఒక విమానం రెక్క మీదెక్కి ఆకాశంలోకి తుపాకులు పేలుస్తున్నారు. ఆ తర్వాత పసుపు రంగు రోలరు, దాని మీద నిలబడి జెండా ఊపుతున్న ఇద్దరు కనిపించారు. వెంటనే వేరే వార్త మొదలైంది.

"గది ఆయన రోలరే," అంది అవ్వ.

"గసొంటియి ఎన్నుంటయో," అంది పెద్దమ్మ.

"సీటు మీద ఆకుపచ్చ తువ్వాల చూడలేవా? అది ఇడిచిపెట్టి ఆయన ఎటూ పోడు. ఆడనే ఉన్నడు."

పెద్దమ్మ లేచి టీవీ కట్టేసింది. తువ్వాల ఉండి మనిషి లేడంటే దానికి ఇంకో అర్థం కూడా ఉందని అక్కడున్నవాళ్లకు తోచింది. అది నాకు పెద్దయ్యాకే తెలిసింది.

ఆ ఎండాకాలమంతా ఇంటికి జనం వచ్చి కూర్చునేవాళ్లు. ఊరికే కూర్చొని, మంచినీళ్లు తాగి, నన్ను దగ్గరికి తీసుకొని తల నిమిరి పోయేవాళ్లు. ఒక ముసలామె అట్లా తల నిమురుతూ ఏడుపు మొదలుపెడితే అవ్వ కత్తెర పక్కన పెట్టి, "ఏడ్వతందుకు ఇంకా ఏం కాలే, పెద్దమ్మా. ఏడ్సేదుంటె నీ ఇంటికాడ ఏడువు," అంది. నాయనమ్మ మాత్రం అన్నం తినేటప్పుడు ప్రతి ముద్దకూ ఆగేది. మంచిర్యాలకు, ఆఫీసుల చుట్టూ అవ్వ ఎన్నిసార్లు తిరిగిందో నాకు సరిగా తెలియదు. వచ్చేటప్పుడు చింతకాయలో తునికి పండ్లో కొనుక్కొచ్చి నాకిచ్చేది గానీ ఏమన్నారో చెప్పేది కాదు.

మామిడికాయ తొక్కు పెట్టే రోజున ఫోను మోగింది. అవ్వ చేతులకు కారం, నూనె ఉన్నాయి. నేను ఫోను ఆమె చెవి దగ్గర పట్టుకున్నాను కాబట్టి అవతలి మాట నాకూ వినబడింది.

"నేనే. మంచిగున్న. సరిహద్దు దాటిన. ఇంకో నాలుగొద్దులల్ల పంపుతమంటున్నరు."

అవ్వ, "మారుతి?" అంది.

"అచ్చినంక చెప్త," అన్నాడు బాపు.

అన్నాళ్లూ ఏడవని అవ్వ అప్పుడు ఏడ్చింది. కారం చేతులతో కళ్లు తుడుచుకోలేక మోచేతులతో ముఖం కప్పుకొని ఏడ్చింది.

బాపు వచ్చాడు. సూట్‌కేసు లేదు, చేతిలో ప్లాస్టిక్ సంచి ఒకటే. గడ్డం నెరిసింది. నాయనమ్మ దిష్టి తీస్తానంటే వద్దని, కాళ్లు కడుక్కొని, అన్నం తిని, "రేపు జైనూరు పోవాలె," అన్నాడు. అక్కడ కాకా ఇంట్లోవాళ్లకు ఫోను లేదు. కాకా వస్తాడనే వాళ్లు ఇంకా చూస్తున్నారు.

జన్నారం, ఉట్నూరు మీదుగా అడవిలో బస్సు. టేకుచెట్లు ఆకులు రాల్చి బోడిగా ఉన్నాయి, కిటికీలోంచి వేడి దుమ్ము కొట్టేది. ఒకచోట బస్సు ఆగితే రోడ్డు పక్క కల్లాల్లో తునికాకు కట్టలు వరసగా ఎండబెట్టి ఉన్నాయి. అవ్వ దిగి, ఒక ఆకు తీసి, వేళ్లతో మడిచి చూసి మళ్లీ అక్కడే పెట్టింది. దారంతా ఆమె చేసిన పని అదొక్కటే. బాపు కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు.

కాకా భార్య కమలాబాయి గుమ్మంలో జొన్నలు చెరుగుతోంది. మేము ముగ్గురం, వెనక కాకా లేకుండా, వాకిట్లోకి రావడం చూసి చాట కింద పెట్టింది. లోపలికి రమ్మంది, చెంబుతో నీళ్లిచ్చింది, మేము తాగేదాకా ఆగింది. ఆ తర్వాత గోడకు ఆనుకొని కూర్చొని, "చెప్పు, అన్నా," అంది.

స్థావరంలో జరిగింది బాపు జీవితంలో ఒక్కసారే చెప్పాడు, అది కూడా మాకు కాదు, ఆమెకు. పెద్ద ఆఫీసర్లు ముందే విమానమెక్కి పోయారట. ఒక పొద్దున లేచి చూస్తే కాపలా సైనికులు కూడా బట్టలు విప్పేసి బనీన్ల మీద పారిపోయారు. మధ్యాహ్నానికి తిరుగుబాటువాళ్లు వచ్చారు.

"అచ్చినోళ్లు కాలేజి పోరగాండ్లు, టాక్సీలు నడిపెటోళ్లు. మమ్ముల ఏమనలే, చెల్లె. రొట్టెలు పెట్టిండ్రు, చాయ్ పోసిండ్రు. తెల్లారి వాళ్ల పెద్దమనిషి అచ్చి, సర్కారు విమానాలు మళ్ల ఈడ దిగద్దు, రన్‌వే తవ్వుండ్రి అన్నడు. మేము ఏసిందే. మాతోనే తవ్విచ్చిండ్రు."

రోలరుతో తవ్వడం కుదరదు. తవ్వే యంత్రం కాకాది. అందుకని కాకా పైన కూర్చొని తవ్వుతుంటే బాపు కింద నిలబడి ఎక్కడ తవ్వాలో చెయ్యూపి చూపించాడు. గట్టిగా వేశాం కాబట్టి లేవడం లేదని కాకా నవ్వాడట. ఎండ నడినెత్తికి వచ్చే వేళకు సర్కారు విమానం బాంబులు వెయ్యడానికి వచ్చింది. కింద ఉన్నవాళ్లకు ముందే వినిపించి పక్కనున్న మోరీ కాలువలోకి పరుగెత్తారు. యంత్రం చప్పుడులో కాకాకు వినిపించలేదు.

"నేను దిగుమని చెయ్యూపిన," అన్నాడు బాపు. "రెండు చేతులు ఊపిన. ఆయన ఇంకింత తవ్వుమంటున్న అనుకున్నడు. సరే అని చెయ్యి లేపిండు."

కమలాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అవ్వ జరిగి ఆమె పక్కకు పోయి కూర్చుంది. వాకిట్లో ఒక కోడి చెరిగిన జొన్నల్లోకి వచ్చి తింటుంటే ఎవరూ తోలలేదు.

"కాలవెట్టిండ్రా, మట్టిల పెట్టిండ్రా?"

"కట్టెలు దొరకలే, చెల్లె. మట్టిల పెట్టినం. నా చేతులతోనే పెట్టిన."

"తల ఎటు పెట్టినవు?"

"దక్షిణం."

"తెల్వని దేశంల దిక్కు నీకెట్ల ఎరుక?"

"మేం ఏసిన రన్‌వే ఉత్తరం దక్షిణం ఉంటది. సగం తవ్వినా సగమన్న ఉండె. దాని ఎంబడే పెట్టిన."

ఆమె తల ఊపింది. లేచి పోయి కోడిని తోలి, జొన్నలు గంపలోకి ఎత్తి, పొయ్యి మీద ఎసరు పెట్టింది. అవ్వ వద్దంటున్నా వినలేదు. "మీరు రాకుంటె నేను ఇయ్యాల కూడ ఎదురుచూద్దును," అని మాత్రం అంది. ఆ రోజు జొన్న రొట్టె, పప్పు తిన్నాం. నాకు బాగా ఆకలిగా ఉండి ఎక్కువే తిన్నాను.

బాపు మళ్లీ దేశం దాటలేదు. కొన్నేళ్లు మంచిర్యాల చుట్టుపక్కల రోడ్ల మీద రోలరు నడిపి, మోకాళ్లు సహకరించక మానేశాడు. కమలాబాయి పోయిన ఏడాది కాలం చేసేదాకా ప్రతి దసరాకూ మా ఇంటికి వచ్చేది, అవ్వ ప్రతి హోలీకీ వాళ్లింటికి పోయేది. ఆ రోజు సంగతి వాళ్లు మళ్లీ మాట్లాడుకోగా నేను వినలేదు.

మొన్న ఆదివారం ఊరికి పోయాను. అప్పుడు ఒకే జిల్లాలో ఉన్న లక్సెట్టిపేట, జైనూరు ఇప్పుడు వేర్వేరు జిల్లాల్లో ఉన్నాయి. అరుగులు పోయి ఇంటి ముందర ఇనుప గేట్లు వచ్చాయి. బీడీలు చుట్టేవాళ్లు లేరు, జాజిరి ఆడే పిల్లలు లేరు, మలీద కట్టే నాయనమ్మ లేదు. శుక్రవారం కోసం ఎవరూ చూడరు, దూరదేశాల నుంచి రోజంతా ముఖాలు ఫోన్లలో కనిపిస్తూనే ఉంటాయి. రాజవ్వ పెద్దమ్మ మనవరాలి భర్త ఉన్న దేశంలో ఇప్పుడు గొడవలు మొదలయ్యాయట. మూడు రోజులుగా అతని ముఖం రాలేదని ఆ పిల్ల గంప నిండా చిక్కుడుకాయలతో మా ఇంటికొచ్చి, వాటిని ముట్టుకోకుండా ఫోను చూస్తూ కూర్చుంది.

"దాన్ని చూస్తె రాదు," అంది అవ్వ. "కాయలు ఇటియ్యి."

ఇద్దరూ గంపను మధ్యలో పెట్టుకొని ఈనెలు తీయడం మొదలుపెట్టారు. బాపు వచ్చి, ఏమీ అడగకుండా, గోడ పక్కన కుర్చీ వేసుకున్నాడు. నేను బస్సుకు బయలుదేరేటప్పటికి గంప సగం అయింది. ఫోను ఇంకా మోగలేదు.