బొట్టు పెట్టిన స్పానర్

నా చిన్నప్పుడు విశ్వకర్మ పూజ వచ్చిందంటే జంషెడ్‌పూర్‌లో చక్రమన్నది తిరిగేది కాదు. ఆటోలు, లారీలు, చివరికి సైకిళ్లు కూడా కడిగించుకుని, దండలు వేయించుకుని హాయిగా కూర్చునేవి. పనిముట్లన్నీ దేవుడి ముందే. మర్నాడు ఉద్వాసన చెప్పేదాకా వాటి మీద చెయ్యి వెయ్యకూడదు. కాసిడీహ్‌లోని మా ఇంట్లో ఈ నియమానికి కాపలా మా నాయనమ్మ.

మా తాతయ్య కార్ఖానాలో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. వేలంలో కొన్న పాతకాలం కారంటే ఆయనకు ప్రాణం. ఆ ఏడాది గుంతలో పడ్డప్పుడల్లా దాని ముందు చక్రాల దగ్గర టకటకమనేది. బాల్ జాయింట్లు అరిగిపోయాయన్నాడు. మన భుజం కీలు లాంటివే అవి, చక్రాన్ని పట్టి ఉంచుతూనే అటూ ఇటూ తిరగనిస్తాయి. ఊడితే చక్రం పక్కకి వాలిపోతుంది. పూజ ముందురోజు కొత్తవి కొని తెచ్చి, పాతవి విప్పడం మొదలుపెట్టాడు. తుప్పు పట్టిన ఆ జాయింట్లు ఆయన్ను ముప్పుతిప్పలు పెట్టి, దీపాల వేళకి గానీ ఊడిరాలేదు. అంతే, నాయనమ్మ వచ్చి స్పానర్లు, సుత్తి, జాక్ అన్నీ లాక్కుపోయి, కడిగి, బొట్లు పెట్టి పీట మీద పేర్చింది. కారు ముందు చక్రాలు లేకుండా దిమ్మల మీద నిలబడిపోయింది. ఆ వేషంలోనే దానికీ బంతిపూల దండ వేశాం.

పొద్దున పూజయ్యాక నేను ఊరుకోలేక ఒక చిన్న స్పానర్ మీద వేలు పెట్టాను. “ఓలే, దేముడి కాడ ఎట్టినవి ముట్టుకుంటావేటే!” అని నాయనమ్మ వీపు మీద ఒక్కటిచ్చింది. అలిగి మూల కూర్చున్నాను.

మధ్యాహ్నం, పురిటికి వచ్చి ఉన్న మా చిన్నత్తకి నొప్పులు మొదలయ్యాయి. కాన్పుకి ఇంకా టైముందని అప్పటిదాకా అందరం ధీమాగా ఉన్నాం. నాన్న ఆటో కోసం పరుగెత్తాడు. ఎక్కడికెళ్లినా “ఆజ్ పూజా హై భైయా, గాడీ నహీ నికలేగీ” అన్న మాటే, పూజనాడు బండి బయటికి తియ్యమని. పక్కింటి ఫోన్ పనిచెయ్యలేదు. అత్త తలుపు పట్టుకుని “అమ్మా, నా వల్ల కాదే” అని ఏడుస్తోంది. తాతయ్య పీట వైపు చూస్తాడు, కారు వైపు చూస్తాడు, నాయనమ్మ వైపు మాత్రం చూడడు. అత్త చచ్చిపోతుందేమోనని నాకు భయం పట్టుకుంది.

నాయనమ్మ గబగబా పూజగదిలోకి వెళ్లింది. బూందీ పళ్లెంలో పెద్ద స్పానర్ పెట్టుకుని వచ్చి తాతయ్య ముందు నిలబడింది.

“పెసాదం. ఒద్దనకూడదు. అట్టుకో.”

తాతయ్య రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకున్నాడు. ఆ వెనకే సుత్తి ప్రసాదం, జాక్ ప్రసాదం. చిన్న స్పానర్ నా చేతికిచ్చి తాతయ్యకు అందించమంది. పొద్దున కొట్టిన చోటే వీపు నిమిరింది.

నాన్న, తాతయ్య కలిసి కొత్త జాయింట్లు కూర్చి, నట్లు బిగించి, చక్రాలు ఎక్కించారు. తాతయ్య ఒక్కో చక్రాన్నీ పైనా కిందా పట్టుకుని గట్టిగా ఊపాడు. ఏ మాత్రం కదల్లేదు. నమ్మకం చాలక నాయనమ్మ తనూ ఊపి చూసింది. అప్పుడు గానీ అత్తని ఎక్కనివ్వలేదు.

ఆ రోజు ఊరంతటికీ పరుగు తీసిన కారు మాదొక్కటేనేమో. గుంతల్లో పడినా టకటకలు లేవని తాతయ్య తర్వాత మురిసిపోతూ చెప్పాడు. సాయంత్రం నాన్న వచ్చి ఆడపిల్ల పుట్టిందని, ఇద్దరూ కులాసాగా ఉన్నారని చెప్పాడు. నాయనమ్మ గుమ్మంలో కూలబడి పెద్దగా నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. నాకు అప్పుడు తెలిసింది ఎంత ఆకలేస్తోందో. మిగిలిన బూందీ అంతా నేనే తిన్నాను.

ఇప్పుడు కద్మాలో మా ఇంట్లో ఆ పూజ నేనే చేస్తున్నాను. నియమాల దగ్గర నేనూ గట్టిదాన్నే, మా మనవరాలు నన్ను పోలీసంటుంది. అయినా కారు తాళమూ, బొట్టు పెట్టిన ఒక స్పానరూ మాత్రం ఏటా పీట మీద కాక గుమ్మం పక్కనే పెడతాను. “దాదీ, యే బాహర్ క్యోం?” అని, ఇవి బయటెందుకని అది అడుగుతూనే ఉంటుంది.

“ఎవలైనా వచ్చి తలుపు కొడితే పెసాదం ఎట్టద్దేటే?” అంటాను.