మా ఇంటి బియ్యం వద్దన్న మనిషి

ఈ ఉదయం మా కోడలు వంటకు బియ్యం కొలుస్తూ, ఒక గుప్పెడు తీసి గూట్లో ఉన్న ఖాళీ డబ్బాలో వేసింది. ఖాళీ డబ్బాలో పడే మొదటి గుప్పెడు ఇల్లంతా వినిపించేలా గలగలమంటుంది. పేపరు చదువుకుంటున్నవాణ్ణి తలెత్తాను. ప్రొద్దుటూరులో కాపురం పెట్టి ఇన్నేళ్లయినా, ఆ చప్పుడు వినగానే నేను జమ్మలమడుగులో ఉంటాను. కరుణమ్మ మా వాకిట్లో గొడుగు మూస్తూ ఉంటుంది. నాకు వెంటనే కొంచెం భయం, దాని వెనకే బోలెడు సంతోషం కలుగుతాయి.

గుప్పెడు బియ్యం మా సంఘంలో పాత అలవాటు. పొయ్యి వెలిగించే ప్రతిసారీ ఇంటావిడ ఒక గుప్పెడు దేవునిదని వేరే డబ్బాలో వేస్తుంది. శనివారం సంఘ సేవకురాలు వచ్చి ఆ బియ్యం సంచిలో పోసుకొని, ఆ ఇంటికోసం ప్రార్థన చేసి వెళుతుంది. మాకు ఆ సేవకురాలు కరుణమ్మ. పుట్టిల్లు పులివెందుల. చిన్న వయసులోనే భర్త పోతే జమ్మలమడుగు వచ్చి సంఘం పనిలో కుదురుకుంది. పొట్టి మనిషి, గొంతు మాత్రం చర్చి గంటకు పోటీ. డబ్బా ఊపి చూసి, తేలిగ్గా ఉంటే “ఏంది, ఈ వారమంతా పస్తులున్నారా?” అని వీధంతా వినేట్టు అడిగేది. ఆదివారపు బడిలో నాకు వాక్యం నేర్పింది ఆమే. నలభై అయిదేళ్లు వచ్చాక మళ్లీ మొదటినుంచీ నేర్పవలసి వచ్చింది కూడా ఆమెకే.

అప్పుడు నేను ఊరి బయట ఒక నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో గుమాస్తాను. రాళ్లు కోసే పనికి ఒడిశా నుంచి పదకొండు మంది వచ్చారు. ఇద్దరు ముగ్గురు భార్యలను కూడా తెచ్చుకున్నారు. ఫ్యాక్టరీ వెనక రేకుల షెడ్లలో ఉండేవాళ్లు. పనిలో చేరిన రోజే వాళ్ల ఆధార్ కార్డులు తీసుకొని నా సొరుగులో పెట్టి తాళం వేయడం మా ఓనరు పెట్టిన పద్ధతి. పోగొట్టుకుంటారు, మన దగ్గరుంటే భద్రం అనేవాడు. నేనూ నాకు అదే చెప్పుకునేవాణ్ణి. కార్డు చేతిలో లేనివాడు పని మధ్యలో ఊరు విడిచి పోలేడని మా ఇద్దరికీ బాగా తెలుసు.

కరుణమ్మ ఎప్పుడు పట్టుకుందో ఆ షెడ్ల దారి, శనివారం సంచి నిండగానే సగం బియ్యం అక్కడ పోసి రావడం మొదలుపెట్టింది. ఒరియా ముక్క రాదు. గట్టిగా అరిస్తే తెలుగు ఎవరికైనా అర్థమవుతుందని ఆమె నమ్మకం. విచిత్రమేమంటే, వాళ్లకు అర్థమయ్యేది కూడా. ఈ సంగతి తెలిసి సంఘ పెద్దలకు కోపం వచ్చింది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆమెను కూర్చోబెట్టి అడిగారు. ఆ బియ్యం పాస్టరుగారింటికి, సంఘంలోని విధవరాండ్రకు అని తాతలనాటి కట్టుబాటు; వాళ్లు మన సంఘం కాదు, మన భాష కాదు, రేపు ఉంటారో పోతారో కూడా తెలియదు. అందరి మాటలూ అయ్యేదాకా కరుణమ్మ విని, కొంగుతో మొహం తుడుచుకుంది.

“యోసేపు, మరియమ్మ బిడ్డనెత్తుకోని ఐగుప్తుకు పారిపోయినారు గదా. ఆడ ఎవురో ఒకరు వాళ్లకు ఇంత చోటు ఇచ్చింటారు. వాళ్ల పేరేందో ఎవురికీ తెలీదు. ఆ పేరు లేనోళ్లలో మనమూ ఒకరమైతే సాలు నాయనా.”

మా ఇంట్లో గింజలకు కొదవ లేదు, పోయనీయండని పాస్టరుగారే అన్నారు. నాకు కళ్లు చెమర్చాయి. బయటికొచ్చాక, ఎంత బాగా చెప్పావమ్మా అని ఆమె చేతులు పట్టుకున్నాను కూడా. సొరుగు తాళంచెవి నా జేబులోనే ఉన్న సంగతి ఆ క్షణాన గుర్తుకే రాలేదు. సిగ్గులేని మనిషిని.

ఆ పదకొండు మందిలో సుకాంత్ అనే కుర్రవాడు, ఏడాదిలోనే మన తెలుగు మాట పట్టుకున్నాడు. అతని భార్య మాలతికి ఎనిమిదో నెల. తొలి కాన్పు. తల్లి దగ్గరికి పోవాలని ఆ పిల్ల కోరిక. ఓనరును సుకాంత్ రెండుసార్లు అడిగాడు. చేతిలో ఉన్న ఆర్డరు పూర్తయ్యాక చూద్దామన్నాడాయన. ఆర్డరు పూర్తయ్యేది రెండు నెలలకు. రైల్లో కార్డు అడుగుతారు, లేకపోతే మధ్యలో దించేస్తారని సుకాంత్‌కు భయం. బియ్యం పోయడానికి వెళ్లిన కరుణమ్మకు మాలతి ఏడుస్తూ కనిపించింది. సంగతంతా అక్కడే బయటపడింది.

సోమవారం మిట్టమధ్యాహ్నం ఎండలో కరుణమ్మ గొడుగు వేసుకొని ఆఫీసుకు వచ్చింది. కుర్చీ వేశాను, కూర్చోలేదు.

“ఆ పిల్లోని కార్డు యాడ పెట్టినావు దానియేలూ?”

ఓనరు పద్ధతి అని చెప్పాను. నేను జీతగాణ్ణి, ఆయన మాట దాటితే నా ఉద్యోగం పోతుంది, ఇందులో నా చేతిలో ఏముందమ్మా అన్నాను. చాలాసేపే చెప్పాను. తప్పు చేసినవాడికి మాటలకు కరువుండదు కదా.

“తాళంచెవి ఎవురి జోబీలో ఉండాది?”

“నా జోబీలోనే.”

“అట్లయితే నీ చేతిలోనే ఉండాది.”

గొడుగు తెరుచుకొని వెళ్లిపోయింది.

ఆ శనివారం కరుణమ్మ మా వీధిలోకి వచ్చినప్పుడు మా ఆవిడ రాజమణి ఎప్పటిలాగే డబ్బా తెచ్చి ఇచ్చింది. కరుణమ్మ మూత తీసి చూసింది. మళ్లీ మూత పెట్టి, డబ్బా రాజమణి చేతిలోనే పెట్టింది. బియ్యంలో తప్పేం లేదు తల్లీ, ఈ ఇంటివి మాత్రం నాకు వద్దులే అని పక్కింటికి వెళ్లింది. వీధంతా చూసింది. మా సంఘంలో ఒక ఇంటి గుప్పెడును తిప్పి పంపడం ఎవరూ కనీవినీ ఎరగరు. ఏం జరిగిందని రాజమణి అడిగితే, ఆమె మనసులో ఏముందో నాకేం తెలుసన్నాను. రెండో శనివారం కూడా అంతే. డబ్బా నిండిపోయింది. రాజమణి మొండిది, అలవాటు మానకుండా ఊరగాయ జాడీ కడిగి అందులో వేయడం మొదలుపెట్టింది. అదీ నిండింది. బియ్యం మీద బియ్యం పడితే చప్పుడు ఉండదు. పూటపూటా ఆ చప్పుడు లేకపోవడం వింటూ అన్నం తినలేకపోయాను. చివరికి ఒక ఆదివారం సాయంత్రం ఉన్నదున్నట్టు చెప్పేశాను.

రాజమణి అరవలేదు, ఏడవలేదు. “మన పాప పుట్టినప్పుడు మా అమ్మ పక్కన లేకుంటే నేను బతికిందునా? నీ ఉద్యోగం పోతే పోనీ. ఇంకో గుప్పెడు తక్కువ వండుకుందాం” అంది.

ఆ మరుసటి పొద్దున ప్రార్థన చేసుకొని వెళ్లానని రాస్తే బాగుంటుంది. కానీ చేయలేదు. దేవుడు ఏమంటాడో అప్పటికే తెలుసు, మళ్లీ అడగడమెందుకు? ఓనరు రాకముందే సొరుగు తెరిచి, పదకొండు మందినీ పేరుపేరునా పిలిచాను. మొదట ఎవరూ చెయ్యి చాపలేదు. పనిలోంచి తీసేస్తున్నానని భయపడ్డారు. నేను సుకాంత్ చెయ్యి పట్టుకొని కార్డు అందులో పెట్టాను. రాతిపొడితో తెల్లబడిన ఆ చేతిని అతను చొక్కాకు తుడుచుకొని, కార్డును రెండు చేతులతో పట్టుకొని చాలాసేపు చూశాడు. అందులో ఉన్నది తన మొహమేనా అన్నట్టు చూశాడు.

ఓనరు వచ్చాక ఫ్యాక్టరీ దద్దరిల్లింది. రేపు మిషన్ల దగ్గర ఒక్కడు కూడా మిగలడు, నా కొంప ముంచినావని తిట్టాడు. బల్ల పట్టుకొని, వాళ్ల కార్డులతో వాళ్లు పోతే మనం ఆపకూడదు సార్, నన్ను తీసేస్తే తీసేయండి అన్నాను. అంత మాట నా నోట్లోంచి వచ్చినందుకు ఆయనకన్నా నేనే ఎక్కువ ఆశ్చర్యపోయాను. మధ్యాహ్నం బస్టాండులో రాజమణి అన్నం మూట, కరుణమ్మ ఒక పాత మెత్తటి చీర మాలతి చేతికిచ్చి, సుకాంత్‌తో పాటు బస్సెక్కించారు. నేను సీటు కోసం కిటికీలోంచి తువ్వాలు వేశాను.

మరునాడు మిషన్ల దగ్గర తొమ్మిది మంది ఉన్నారు. సుకాంత్ కాక, పోయినవాడు ఒక్కడే. వాడు మళ్లీ రాలేదు. వాడి పేరు చెప్పి ఓనరు నన్ను నెల రోజులు సాధించాడు. కానీ ఆ తొమ్మిది మందినీ రెండుసార్లు లెక్కపెట్టుకొని, నన్ను తీసేసే మాట ఎత్తలేదు. కార్డులు లాక్కోకుండా పనిచ్చే ఫ్యాక్టరీ ఒకటుందన్న మాట ఒడిశాలో ఊరూరా పాకి, మనుషులు వాళ్లంతట వాళ్లే రావడం మొదలయ్యాక, ఆ పద్ధతి తానే పెట్టినట్టు అందరికీ గొప్పగా చెప్పుకున్నాడు. చెప్పుకోనీ.

కార్డులు తిరిగిచ్చిన వారమే, శనివారం కరుణమ్మ వచ్చి డబ్బా ఊపి చూసింది. జాడీ కూడా ఊపింది. రెండూ తన సంచిలో బోర్లించి, “శానా బరువుండాదబ్బా. సంచి మోసేదానికి నువ్వు రా” అంది. నెత్తిన సంచి పెట్టుకొని జమ్మలమడుగు బజారు మధ్యలో ఆమె వెనక నడిచాను. పెళ్లిలో కూడా నేనంత దర్జాగా నడవలేదు.

ఆరు నెలలకు సుకాంత్, మాలతి తిరిగొచ్చారు, చంకలో ఆడపిల్లతో, వెంట ఒక తమ్ముడితో. ఆ బిడ్డ పేరు పలకడం కరుణమ్మకు ఎంత అరిచినా చేతకాలేదు. తర్వాతి శనివారం నేను సంచి మోస్తూ వెనక ఉండగా, మాలతి షెడ్డులోంచి ఒక పాలపొడి డబ్బా తెచ్చింది. వారం రోజులుగా తను తీసిపెట్టిన గుప్పెళ్లు. ఆ పక్క షెడ్డులోకి ముందురోజే జార్ఖండ్ నుంచి ఒక కుటుంబం వచ్చి దిగింది, వాళ్లకట. కరుణమ్మ ఆ బియ్యం సంచిలో పోసి, లోపల చెయ్యి పెట్టి బాగా కలిపి, నాకేసి తిరిగింది.

“ఇప్పుడు చెప్పబ్బా. దీంట్లో మనూరోళ్లవి ఏవి, యాడినుంచో వచ్చినోళ్లవి ఏవి? ఏరు చూద్దాం.”

కరుణమ్మ పోయి అయిదేళ్లయింది. ఆమె పెట్టెను మోసినవాళ్లలో ముందు భుజం సుకాంత్‌ది. వెనక భుజం నాది. సమాధి దగ్గర మేము తెలుగులో, వాళ్లు ఒరియాలో ఒకేసారి పాడాం, రాగం ఎక్కడా కలవలేదు, ఆమె విని ఉంటే మురిసిపోయేది.

ఇప్పుడు ప్రొద్దుటూరులో ఇంకో ఫ్యాక్టరీకి మేనేజరును. కొత్తగా వచ్చినవాళ్లు అడగకముందే కార్డు తీసి నా బల్ల మీద పెడతారు. ఎక్కడెక్కడో అలా అలవాటు చేశారు. నంబరు రాసుకొని, లేచి నిలబడి, ఆ కార్డు వాళ్ల అరచేతిలో పెట్టి, వేళ్లు నా చేత్తోనే మూస్తాను. నీదే, నీ దగ్గరే ఉండనీ అంటాను. ఆ గుప్పిట గట్టిగా బిగుసుకునేదాకా వదలను.