బావ గొంతున్న హార్డ్ డిస్కు

2014, కార్తీకమాసం, ఆదివారం. బొబ్బిలిలో మా ఇల్లు. ఉన్నవారు: నేను, నా భార్య, మా అప్ప. (ఇంటికి ఎవరొచ్చినా ఇలా రాసిపెట్టుకోవడం నాకు అలవాటు.)

ఆ రోజుల్లో నాకు అరవై రెండేళ్ళు. అయినా కంప్యూటరు ముందు కూర్చుంటే అప్పుడే పలక చేతికొచ్చిన పిల్లాణ్ణే. పాత డైరీలన్నీ టైపు చేసి దాచుకుందామని, రిటైరయ్యాక ఎవరో వాడి వదిలేసిన కంప్యూటరొకటి తెచ్చుకున్నాను. నాలుగు పేజీలు కొట్టేసరికి నాకు కంప్యూటరు వచ్చునన్న పేరు చుట్టాల్లో పాకిపోయింది. ఆ పేరు విని మా అప్ప రామతీర్థం పక్క ఊరి నుంచి బస్సెక్కి, పాత చీరముక్కలో చుట్టిన చిన్న నల్ల పెట్టె పట్టుకొచ్చింది. అది వైరుతో బయట నుంచి తగిలించుకునే హార్డ్ డిస్కు. మా మేనకోడలి పెళ్ళి వీడియో మిగిలింది అందులో ఒక్కచోటే. తీసిన స్టూడియో ఎప్పుడో మూతపడింది. బావ పోయి అప్పటికి పదకొండు నెలలు.

"ఒరే తమ్ముడూ, మీ బావ మొకం గుర్తుంది, గోడమీద ఫోటో ఉన్నాది. గొంతే మర్చిపోతన్నాను. ఓపాలి వినిపించు," అంది.

ముప్పై నాలుగేళ్ళు కరెంటు లైన్ల మీద పనిచేసినవాణ్ణి. నడుస్తున్న లైనులో దేన్నీ తగిలించకూడదన్నది నా ఒంట్లో ఇంకిపోయింది. ముందు ఆపాలి, తగిలించాలి, చుట్టూ ఎవరూ లేరని చూసుకోవాలి, అప్పుడే స్విచ్చి వెయ్యాలి. ఆ పద్ధతిలోనే కంప్యూటరు ఆపి, హార్డ్ డిస్కు తగిలించి, అప్పని రెండడుగులు వెనక్కి జరగమని స్విచ్చి వేశాను. తెర నల్లగా ఉండిపోయింది. ఆపి, పెట్టె తీసేసి వేస్తే చక్కగా వెలిగింది. మళ్ళీ తగిలించి వేస్తే మళ్ళీ చీకటి. ప్రతిసారీ డైరీలో రాశాను: 'తగిలించితిని, చీకటి. తీసితిని, వెలుగు.' అలా పదకొండుసార్లు. కంప్యూటరుకి వైద్యం చేస్తున్నానో జాతకం రాస్తున్నానో చెప్పమంది నా భార్య. మధ్యాహ్నానికి, చెడినది పెట్టేనని, నా కంప్యూటరు నిక్షేపంగా ఉందని తీర్పు చెప్పాను. (ఆ రెండో మాట అనకుండా ఉండాల్సింది.)

అప్ప పెట్టెని చీరముక్కలో చుట్టబోయి, ఆగి, టేబులు మీదే వదిలేసింది. "మనిషే పోయేడు, పెట్టెకేటుందిలే," అని రెండు గంటల బస్సుకి వెళ్ళిపోయింది. అన్నం తినమంటే ఆకలి లేదంది.

సాయంత్రం మనసు మళ్ళించుకోడానికి డైరీ టైపు చేస్తున్నాను. టేబులు తుడుస్తున్న నా భార్య, వేలాడుతున్న హార్డ్ డిస్కు వైరు చూసి, దాని చోటు ఇదే కదా అంటూ నడుస్తున్న కంప్యూటరుకి గుచ్చేసింది. నేను ఒక్క కేక వేసి, కుర్చీ పడిపోతున్నా చూసుకోకుండా, గుమ్మం దగ్గరికి పరిగెత్తి ఇంటి మెయిను దించేశాను. ఫ్యాను కూడా ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఆవిడ, తెర మీద 'అమ్మాయి పెళ్ళి' అని కనిపించిందని, నేనే ఆర్పేశానని చెప్పింది. మెయిను ఎత్తి, అలవాటు చొప్పున హార్డ్ డిస్కు తగిలి ఉండగానే స్విచ్చి వేశాను. చీకటే.

"ముందు దాన్ని లెగనీయండి. లెగిసినాక పని సెప్పండి," అంది నా భార్య.

అలాగే చేశాను. పెళ్ళి తెరుచుకుంది. ఆన్ చేసేటప్పుడే పెట్టె తగిలి ఉంటే, కంప్యూటరు తన సొంత డిస్కు వదిలేసి అందులో దారి వెతుక్కుంటూ నిలబడిపోతుందట. ఇది తరవాత తెలుసుకున్నది. అప్పకి ఫోను చేస్తే, "వస్తన్నాను," అని పెట్టేసింది.

మర్నాడు తొలి బస్సుకి దిగింది. గంటన్నర వీడియోలో బావ గొంతు దొరికింది ఒక్కచోటే. పందిట్లో కెమెరాకి చెయ్యి అడ్డం పెట్టి, "నన్నెందుకు తీస్తావు? పెళ్ళికూతుర్ని తియ్యి. జరుగు, జరుగు," అని కసిరాడు. అంతే. అప్ప పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు.

"సూసేవా? పెళ్ళిలోనూ కసురే. మళ్ళీ పెట్టు."

పెట్టాను. మూడోసారి పెట్టబోతే నా చెయ్యి పట్టుకుంది.

"సాల్లే, ఆపీరా. ఊరికే తిప్పితే గొంతు అరిగిపోతాది."

అరగదని చెప్పాల్సింది నేనే. కానీ వింటూ వింటూ క్యాసెట్లు అరగ్గొట్టుకున్న తరం నాది. ఆ ఉదయం నాకూ భయమేసింది. ఆపేశాను. ఆనాటి డైరీలో ఇలా ఉంది: 'రెండుసార్లు మాత్రమే వాడడమైనది. గొంతు బాగున్నది.' ఇప్పుడు చదివితే అది రాసిన పెద్దమనిషి మీద నవ్వొస్తుంది. పేజీ తిప్పడానికి మాత్రం కాస్త సేపు పడుతుంది.